రోగి కదిలారు

"కదలకండక్కా" అన్నాడు మైకులోంచి రేడియో, స్కాను తీసే కుర్రాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ మాట ఆమె నోట్లోంచి బయటికి వెళ్ళిందే గానీ తన చెవుల్లోకి ఎప్పుడూ రాలేదు. వచ్చాక తెలిసింది, అదంత చిన్న మాటేం కాదని. కింద ఎక్స్‌రే గదిలో రోజుకి ఎనభై మందికి, తొంభై మందికి చెప్పేది, ఊపిరి బిగబట్టండి, కదలకండి, ఆ, అయిపోయింది, గాలి వదలండి, ఇంక లేవచ్చు. అందుకే ఆసుపత్రికి పదేపదే వచ్చేవాళ్ళు ఆమెకి పేరే పెట్టేశారు, కదలకండి మేడమ్ అని. ఆ కదలకండి మేడమే ఇప్పుడు ఈ సొరంగంలాంటి స్కానింగు మిషన్లో వెల్లకిలా పడుకుని ఉంది. తలకి పంజరం బిగించి, చెవుల్లో రబ్బరు బిరడాలు పెట్టి, కుడిచేతిలో చిన్న రబ్బరు బుడ్డి పెట్టి, మరీ భరించలేకపోతే ఇది నొక్కండక్కా, ఆపేస్తాను అని చెప్పి రేడియో అద్దాల గదిలోకి వెళ్ళిపోయాడు. రేడియో అసలు పేరు వేరే, నోరు మూతపడదు కనక అందరూ అలాగే పిలుస్తారు, ఆమె కూడా అలాగే పిలుస్తుంది, అతనూ పలుకుతాడు. ఇరవై ఐదు నిమిషాలక్కా, కళ్ళు మూసుకుంటే ఇట్టే గడిచిపోతాయి అన్నాడు. కళ్ళు మూసుకుంటే లోపలున్నదంతా కనపడుతుంది, ఆమె మూసుకోలేదు. పంజరంలో కళ్ళకి ఎగువన చిన్న అద్దం ఉంది, లోపలివాళ్ళు బెదిరిపోకుండా బయటి గది కనపడాలని పెడతారు. ఆ అద్దంలో ఆమెకి కనపడుతున్నవి తన పాదాలే. పచ్చ దుప్పటి చివర్న రెండు పాదాలు, ఎవరివో అన్నట్టు. ఎడమ పాదం బొటనవేలు అప్పుడే మొదలుపెట్టింది.

ఆగవే, అంది దానితో, లోపల్లోపలే. ఇరవై ఐదు నిమిషాలు, నీకు పుణ్యముంటుంది. మిషను టకటకటక మొదలుపెట్టింది, ఎవరో రేకు తలుపు మీద కర్రతో కొడుతున్నట్టు, లోపలివాళ్ళని బయటికి రమ్మన్నట్టు. బొటనవేలు ఆగింది. ఆగిందనుకుంది. అది పైకి పాకి పిక్కలోకి వచ్చింది, పిక్కలోంచి తొడలోకి. దీనికి పేరేం పెట్టాలో ఆమెకి ఆర్నెల్లుగా తెలియడం లేదు. నొప్పి కాదు. దురద కాదు, తిమ్మిరి కాదు. పొట్టకి పైన, గుండెకి కింద ఎక్కడో ఎవరో కూర్చుని లే, లే, లే అంటూ ఉంటారు. సరే లేచాను, ఎక్కడికి పొమ్మంటావు అంటే మాట్లాడరు. పోవాల్సిన చోటంటూ ఏదీ లేదు. వంటింట్లోంచి వీధి గుమ్మం దాకా పదకొండు అడుగులు, గుమ్మం దగ్గర తిరిగి మళ్ళీ పదకొండు, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా పదకొండూ పూర్తయితే గానీ వెనక్కి తిరగలేని పదకొండు. చేతులు కూడా ఊరుకోవు, పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, అది పోయాక గోళ్ళ పక్క చర్మం పీకి పీకి రక్తం వచ్చేదాకా. వాళ్ళాయన బస్సు డ్రైవరు, పూటకి ఎనిమిది గంటలు సీటుకి అతుక్కుపోయి కూర్చునే మనిషి, మొదట్లో నవ్వాడు. కాలు కాలిన పిల్లిలా ఏమిటే ఆ తిరుగుడు, కాస్త కూర్చో, నాకు కళ్ళు తిరుగుతున్నాయి అన్నాడు. ఆమె కూడా నవ్వింది. ఆ తర్వాత ఒకరోజు ఆయన నవ్వడం మానేశాడు, ఆమె అటు నడుస్తుంటే కాళ్ళకి అడ్డం రాకుండా కుర్చీలు గోడవారకి జరిపి పెట్టాడు. ఏమీ అనకుండా. పిల్లి అన్నప్పుడు రాని సిగ్గు ఆ కుర్చీలు చూస్తే వచ్చింది.

ఇంట్లో సిగ్గు ఇంట్లోనే ఉంటే ఎలాగోలా నెట్టుకొచ్చేదేమో. పిల్ల బడికి పిలిచారు, తొమ్మిదో తరగతి, మార్కులు చెప్పడానికి. చిన్నపిల్లల బల్లల్లో పెద్దవాళ్ళంతా మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు, లెక్కల టీచరు చెబుతోంది, నాలుగు నిమిషాలు ఉగ్గబట్టింది, ఐదో నిమిషంలో లేచింది. లేచి వెనక గోడ దాకా నడిచింది. అక్కణ్ణుంచి కిటికీ దాకా. టీచరు మాట ఆపి, ఏమైనా కావాలా అండీ అంది. ఏం వద్దండి, మీరు చెప్పండి, నేను వింటున్నాను అని మళ్ళీ గోడ దాకా. అందరి తలలూ అటూ ఇటూ ఆమెతోపాటే తిరిగాయి. ఎవరో చిన్నగా నవ్వారు, ఎవరో పక్కవాళ్ళ చెవిలో ఏదో అన్నారు. పిల్ల తల దించుకుని పెన్సిలు పెట్టె మూత వైపు చూస్తూ కూర్చుంది, ఆ మూత మీద ఏముందో పాపం, మీటింగు అయ్యేదాకా చూసింది. ఇంటి ముందుకొచ్చాక, అమ్మా, ఈసారినుంచి నాన్నని పంపు అంది, అంతే, గొంతులో కోపం కూడా లేదు. తల కొట్టేసినట్టయింది. భూమి చీలితే అందులోకి పోవాలనిపించిందని అందరూ అంటూంటారు గానీ ఆమెకి అప్పుడు అలా కూడా అనిపించలేదు, భూమిలో కూడా కదలకుండా ఉండాలి కదా అనుకుంది. మనసు డాక్టరమ్మకి ఇదంతా చెప్పింది, నిలబడే చెప్పింది, ఆవిడ కూర్చోమని ఒత్తిడి చెయ్యలేదు. మనసు బాగోకపోతే అందరూ మంచం పడతారనుకుంటాం, కొందరిని అది మంచం మీద నిలవనివ్వదు, ఇదీ జబ్బే, నీ గుణం కాదు అంది. మందులు మొదలుపెట్టే ముందు తలకి ఒక స్కాను చూద్దాం, ఇంకేమీ లేదని తేల్చుకుందాం అంది. ఇంకేమైనా చెప్పాలా నాకు అని కూడా అడిగింది ఆవిడ, చీటీ రాస్తూ. ఏం లేదండి అంది ఆమె. ఉంది. నాలుగో అంతస్తులో ఉంది.

టకటక ఆగింది. "అక్కా" అన్నాడు రేడియో, "మొదటిది కొంచెం పోయిందక్కా. పర్వాలేదు, మళ్ళీ తీస్తాను. గాలి మామూలుగా పీల్చండి, కాళ్ళ గురించి ఆలోచించకండి." కాళ్ళ గురించి ఆలోచించకండి అంటే ఇంక వేరే దేని గురించి ఆలోచిస్తారు ఎవరైనా. తను కూడా అలాగే అనేది, చేతి గురించి మర్చిపోండి, భుజం వదిలెయ్యండి, ఏదో దయ చూపిస్తున్నట్టు. ఎంతమందిని కసిరిందో. కాస్త కుదురుగా ఉండలేరా అని. కుదురు. అమ్మమ్మ మాట అది. అమ్మమ్మ ఇంట్లో నీళ్ళ కుండ అడుగు గుండ్రంగా ఉండేది, నేల మీద పెడితే దొర్లిపోయేది, దాని కింద పాతగుడ్డ మెలితిప్పి చుట్టగా చుట్టి పెట్టేది, అదీ కుదురంటే. కుండకి ఉన్నపాటి కుదురు మీకు లేదే అని మనవలందర్నీ తిట్టి, ఈమెని మాత్రం దగ్గరికి లాక్కుని, ఇదొక్కతే నా కుదురైన పిల్ల అనేది. నిజంగానే కుదురైన పిల్ల. స్టాచ్యూ ఆటలో అక్క స్టాచ్యూ అని అరిచి అన్నం తినడానికి వెళ్ళిపోయి ఈమెని మర్చిపోతే, వాకిట్లో ఒంటి కాలి మీద, ఒక చెయ్యి గాల్లో పెట్టుకుని, ముక్కు మీద ఈగ వాలినా సరే, అక్క మూతి తుడుచుకుంటూ తిరిగొచ్చేదాకా నిలబడింది. ఇంటిల్లిపాదీ ఆ కథ ఎన్నిసార్లు చెప్పుకున్నారో, పెళ్ళిచూపుల్లో కూడా చెప్పారు. ఆ పిల్ల ఎక్కడికి పోయింది. ఆ కుదురు ఎవరు లాగేశారు కుండ కిందనుంచి. అమ్మమ్మ లేకపోవడమే మంచిదైంది, చూసి ఉంటే ఏమనేది, ఏమీ అనేది కాదు, గుడ్డ కోసం వెతికేది.

గర్రుమని ఇంకో రకం చప్పుడు మొదలైంది, పాత బస్సు ఎత్తు ఎక్కలేక మూలుగుతున్నట్టు. ఈసారి రెండు పాదాల్నీ ఒకదాని మీద ఒకటి వేసి మెలివేసింది. అద్దంలో చూస్తూనే ఉంది. ఒకటి ఇంకోదాన్ని పట్టుకోవాలి గానీ రెండూ కలిసి కదులుతున్నాయి, దొంగా దొంగా కలిసినట్టు. ఆ రోజు కూడా ఇలాగే మెలివేసింది. మూడు వారాలు. మూడు వారాల కిందట, పొద్దున పదకొండు గంటలప్పుడు, నాలుగో అంతస్తు మగవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం, గడియారాల తాత. బజారు మలుపులో చిన్న షాపు ఆయనది, మనిషి కూర్చుంటే మోకాళ్ళు బయటికొచ్చేంత షాపు, నలభై ఆరేళ్ళుగా ఒక కంటికి కటకం తగిలించుకుని గడియారాలు బాగుచేస్తున్నాడు. స్టూలు మీంచి పడి ఎడమ తుంటి విరిగింది. కదిపితే ప్రాణం పోతోంది కనక కిందికి తేలేం, మిషనే పైకి తీసుకెళ్ళాలి, చక్రాల మీద దొర్లించుకుంటూ వెళ్ళింది. ఆ తాత నొప్పిలో కూడా గోడ గడియారం వంక చూసి, అమ్మాయ్, ఇది నాలుగు నిమిషాలు వెనక ఉంది, మీ డాక్టర్లు ఆలస్యంగా రావడానికి ఇదే కారణమై ఉంటుంది అన్నాడు. ఇంకో రోజైతే నవ్వేది. ఆ రోజు లే లే లే అనేవాడు గొంతు చించుకుని అరుస్తున్నాడు లోపల. ఫిల్ము పలకని తుంటి కిందికి జరిపినప్పుడు తాత పళ్ళు కరకరలాడాయి. కదలకండి అంది. కదలను అన్నాడు.

ఆ మిషనుకి పొడవాటి చెయ్యి, చెయ్యి చివర్న తల. కింద అంగుళం కదిలితే పైన బెత్తెడు ఊగుతుంది. సీసపు కోటు వేసుకుని, మిషను వెనక నిలబడి, స్విచ్చు నొక్కింది. తెర మీద బొమ్మ వచ్చింది, అలుక్కుపోయింది. ఎముక అంచులు రెండు రెండుగా, నీళ్ళలో చూస్తున్నట్టు. మీరు కదిలారు అంది. "లేదమ్మా, నేను కదల్లేదు. కదలకుండా కూర్చోవడం నాకు ఇంకొకళ్ళు నేర్పక్కర్లేదు" అన్నాడు తాత, మెల్లగానే. కదిలారు, ఇదిగో బొమ్మ, అబద్ధమాడుతుందా మిషను, అని ఆమె గొంతు లేచింది. ఎనిమిది మంచాల వార్డు, అందరూ ఇటు తిరిగారు. ఆయన కూతురు, గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా, సెలవు పెట్టి వచ్చి కూర్చుంది, నాన్నా, కాసేపు కదలకు నాన్నా అంది. మళ్ళీ పలక జరపడం, మళ్ళీ ఆ పళ్ళ చప్పుడు. రెండోది కూడా అలుక్కుపోయింది. అప్పుడు చూసింది ఆ అక్షరాన్ని. ఎడమ పక్క అని తెలియడానికి పలక మీద ఒక సీసపు అక్షరం అతికిస్తారు, ప్రతి ఫిల్ములోనూ తెల్లగా పడుతుంది. రోగి కదిలితే ఎముక ఒక్కటే అలుక్కుంటుంది. అక్షరం రోగిది కాదు, దానికి నొప్పి లేదు, భయం లేదు, అది ఎందుకు కదులుతుంది. కదిలిందంటే పైన మిషను తల ఊగినట్టు. ఊగిందంటే మిషను వెనక నిలబడ్డ మనిషి. కిందికి చూసుకుంది. మోకాలు మిషను ఒంటికి ఆనుకుని టకటకటక కొట్టుకుంటోంది, ఎంతసేపట్నుంచో. వార్డులో ఇంకెవరికీ ఆ అక్షరం సంగతి తెలియదు. డాక్టర్లకి కూడా సగం మందికి తెలియదు. ఆమెకి తెలుసు. రెండు బొమ్మలూ చెరిపేసింది.

మూడోసారి రెండు కాళ్ళూ మెలివేసి, పెదవి కొరికి పట్టి నొక్కింది, బాగానే వచ్చింది. ఈలోగా తాత తనలో తను మాట్లాడుకుంటున్నట్టు, "కదిలానంటావా. అయితే కదిలే ఉంటాను. నాకు తెలియలేదు" అన్నాడు. అప్పుడు చెప్పచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. కాదు తాతగారూ, నాదే తప్పు అంటే అయిపోయేది, నలుగురూ రెండు నిమిషాలు చెప్పుకునేవాళ్ళు. కానీ ఎందుకు కదిలావు అంటారు కదా. ఎన్నాళ్ళనుంచి అంటారు. కాలు నిలవని మనిషిని ఎక్స్‌రే గదిలో ఎవరుంచుతారు. చేతిలో మిగిలిన పని ఇదొక్కటే, ఇది కూడా పోతే ఇంక ఇంట్లో పదకొండు అడుగులే. రిజిస్టరులో మళ్ళీ తీయడానికి కారణం అని ఒక గడి ఉంటుంది. అక్కడ రాసింది, రోగి కదిలారు అని. ఆ రెండు మాటలు వేలసార్లు రాసి ఉంటుంది, చెయ్యి దానంతటదే రాసేస్తుంది. అక్కడితో ఆగినా బాగుండేది. తాత ఫైల్లో కూడా, అడిగినవాళ్ళు లేకపోయినా, ఎవరూ తనని ఇంకేమీ అడక్కుండా ఉండాలని, రోగి సహకరించడం లేదు అని ఇంకో మాట కలిపింది. పైన తారీఖు వేసి కింద సంతకం పెట్టింది. ఆ మాట చూసుకుని వార్డువాళ్ళు వాళ్ళ పని వాళ్ళు చేశారు. ఆపరేషనయ్యాక సూదులు పీకేస్తాడేమోనని నాలుగు రోజులు తాత మణికట్లకి గుడ్డ కట్టి మంచం కమ్మీలకి ముడేశారు. మధ్యలో ఒకసారి పక్క మంచానికి ఫిల్ము తీయడానికి వెళ్ళాల్సొచ్చింది. తాత ఆమెని గుర్తుపట్టి కట్టిన చెయ్యి అలాగే కొంచెం ఎత్తి పలకరించాడు. ఆమె అటు చూడలేదు. చూడనట్టు నటించింది, ఇంకా నయం, ఎవరూ చూడలేదనుకుంది. ఎవరు చూడాలి ఇంక, తనకంటే.

"అక్కా, రెండోసారి కూడా..." అన్నాడు రేడియో, మాట పూర్తి చెయ్యకుండా. రేడియో మాట పూర్తి చెయ్యకపోవడం ఆమె ఎప్పుడూ వినలేదు. ఇంకొకటి తీద్దాం అక్కా, మూడు నిమిషాలే అన్నాడు. మూడు నిమిషాలు. పొద్దున లిఫ్టులో అయితే మూడు నిమిషాలు కూడా పట్టలేదు. స్కానుకని వస్తూ లిఫ్టు ఎక్కింది, లోపల తాత కూతురు, చేతిలో బిల్లు కాగితాలు, మొహం పీక్కుపోయి. గుర్తుపట్టి ఆవిడే పలకరించింది, పైగా క్షమాపణ కూడా చెప్పింది, ఆ రోజు మా నాన్న మిమ్మల్ని చాలా విసిగించాడు మేడమ్ అని. ఏం పర్వాలేదండి, అంది ఈమె. అన్నది. పర్వాలేదు అన్నది, ఉదారంగా. ఇవాళ ఇంటికి పంపించేస్తున్నారండి, మధ్యాహ్నం రెండింటికి, నడక వస్తోంది, ఒంట్లో బాగానే ఉంది, మనిషే డీలా పడిపోయాడు, షాపు వదిలేస్తానంటున్నాడు అంది ఆవిడ. పనిముట్లు ఎవరికో ఇచ్చేస్తానని మాటిచ్చాడు, సాయంత్రం వచ్చి పట్టుకుపోతారు. ఎందుకు నాన్నా, తుంటికీ చేతికీ ఏం సంబంధం అంటే, నా ఒళ్ళు నాకు తెలియకుండా కదులుతోందే, నమ్మి ఇచ్చిన వస్తువు నేనింక ముట్టుకోకూడదు అంటాడు. నేను కూడా అదే మంచిదిలే అన్నాను మేడమ్, ఫైల్లో కూడా అలాగే రాశారుగా. లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఆవిడ దిగిపోయింది. ఈమె నోరు తెరిచే ఉంది, అందులోంచి ఏమీ రాలేదు, తలుపులు మూసుకుపోయాయి.

ఇప్పుడెంతయింది. ఈ గదిలో గడియారం లేదు, ఇనుమేదీ లోపలికి రానివ్వరు. లోపలికి వచ్చేటప్పటికి పన్నెండున్నర. చప్పుడు మళ్ళీ మొదలైంది, మొదటిదే, రేకు తలుపు, కర్ర, టకటకటక. అమ్మమ్మా, ఈ ఒక్క మూడు నిమిషాలు. కళ్ళు మూసుకుంది ఈసారి. స్టాచ్యూ. వాకిట్లో ఒంటి కాలు. ముక్కు మీద ఈగ. అక్క అన్నం తింటోంది, వస్తుంది, తప్పకుండా వస్తుంది. ఎవరో ఇటు తిరిగి చెయ్యి కొంచెం ఎత్తారు, మణికట్టుకి గుడ్డ. నలభై ఆరేళ్ళు. వెంట్రుకంత స్ప్రింగుని సన్నటి పట్టకారుతో పట్టుకుని గుండ్రంగా కూర్చోబెట్టే చెయ్యి. ఆ చేతికి నేను నా కాలుని అంటగట్టాను. జబ్బు నీ గుణం కాదు అంది డాక్టరమ్మ. కాలు జబ్బే, ఒప్పుకున్నాను. మరి పెన్ను? పెన్ను కదపమని లోపల ఎవరూ లే లే అనలేదే. అది చక్కగా, కుదురుగా, ఒక్క అక్షరం వంకర పోకుండా రాశాను కదా. ఏడుపొచ్చింది, ఏడిస్తే తల కదులుతుంది, తల కదిలింది. కళ్ళు తెరిచి అద్దంలో చూస్తే పాదాలు రెండూ దుప్పటి తన్నేసి, తెల్లగా, ఎవరూ తరమకుండానే పరిగెత్తుతున్నాయి.

చప్పుడు ఆగింది. రేడియో మైకుకి బాగా దగ్గరగా వచ్చినట్టున్నాడు, గొంతు తగ్గించాడు. "అక్కా, వినండి. మీరేం కంగారుపడకండి. ఇంకో రోజు మత్తిచ్చి తీద్దాం. ఇవాళ్టికి మిషను మొరాయించిందని రాసేస్తాను. రిజిస్టరు అందరూ చూస్తారు, మీ పేరు ఎందుకక్కా అందులో." ఎంత మంచివాడు. ఎంత తేలిగ్గా అన్నాడు, మిషను మొరాయించింది. మిషనుకి కూతురు లేదు, షాపు లేదు, సిగ్గు లేదు, దాని మీద ఏం రాసినా పడి ఉంటుంది. సరే అని ఒక్క మాట అంటే చాలు, లేచి, చెప్పులేసుకుని, వరండాలో ఆయన పట్టుకుని కూర్చున్న సంచీ తీసుకుని ఇంటికి. రెండింటికి తాత కూడా ఇంటికి. ఎవరి దారిన వాళ్ళు. ఆమె రబ్బరు బుడ్డి గట్టిగా నొక్కింది. రేడియో పరిగెత్తుకుంటూ వచ్చాడు, పంజరం విప్పాడు, ఏమైందక్కా, ఏమైంది అంటూ. లేచి కూర్చుని, కూర్చోలేక నిలబడి, "మిషనుకి ఏం కాలేదు. రోగి కదిలారు అని రాయి" అంది. అక్కా, అదేం మాట అన్నాడు. "రాయి తమ్ముడూ. నిజం కదా అది. ఈసారైనా నిజమైన చోట ఉండనీ." అతనికేం అర్థమైందో, తల ఊపాడు. వరండాలో ఆయన లేచి, అయిపోయిందా అన్నాడు. ఇంకా కాలేదు, నాలుగో అంతస్తులో ఒక పని ఉంది అంది. ఎందుకని అడగకుండా సంచీ భుజాన వేసుకుని వెనకే వచ్చాడు. లిఫ్టు కోసం నిలబడలేదు. మెట్లే ఎక్కింది, ఆర్నెల్లలో మొదటిసారి ఆ కాళ్ళు వెళ్ళాల్సిన చోటికి వెళ్తున్నాయి.

తాత మంచం అంచున కాళ్ళు కిందికి వేసి కూర్చున్నాడు, ఇంటి చొక్కా తొడుక్కుని, గుండీలు పై దాకా పెట్టుకుని. కూతురు సంచీలో బట్టలు సర్దుతోంది. మంచం దగ్గరికి వచ్చేదాకా ఆయన మొహం చూడలేకపోయింది, వచ్చాక కూడా గుండీల వంకే చూసింది. "తాతగారూ, ఆ రోజు ఫిల్ము తీసినప్పుడు మీరు కదల్లేదు. కదిలింది నేను. నా కాలు మిషనుకి తగిలి మిషను ఊగింది" అంది. కూతురు చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. "అది మీకు తర్వాత తెలిసిందా?" అంది. అవునంటే సరిపోయేది, ఇంకో చిన్న గుమ్మం తెరిచి పెట్టినట్టే ఉంది. లేదండి, అప్పుడే తెలుసు, తెలిసే రాశాను అంది. పక్క మంచాలన్నీ వింటున్నాయి. విననీ, ఆ రోజు కూడా ఇవే మంచాలు. తాత చాలాసేపు ఆమె పాదాల వంక చూశాడు, ఏ గడియారమో మూత తీసి చూసినట్టు. కూర్చో అన్నాడు. కూర్చోలేనండి అంది. ఎన్నాళ్ళనుంచి అన్నాడు. ఆర్నెల్లు. అయ్యో పాపం అంటాడనుకుంది, అనలేదు. "నాలుగు రోజులు నన్ను కట్టేశారమ్మా" అన్నాడు. తెలుసండి అంది. "కట్లు విప్పాక కూడా ఈ చేతిని నేను నమ్మలేదు. గ్లాసు పట్టుకోమంటే భయమేసింది." క్షమించండి అనడానికి ఆమెకి ముఖం చెల్లలేదు. అటు రెండడుగులు వేసింది, తిరిగి ఇటు రెండడుగులు.

"సరే, నోటితో చెప్పావు. రాసి కూడా ఇయ్యి" అన్నాడు తాత. నేను విన్నాను కదా నాన్నా అంది కూతురు. "నేను కదల్లేదు అన్నప్పుడు కూడా విన్నావు. కాగితం చూశాక కదూ నమ్మింది" అన్నాడు, కోపం లేకుండానే. కూతురు మొహం తిప్పుకుంది. ఫైలు మంచం చివర్నే ఉంది. ఆమె దాన్ని గోడకి ఆనించి, నిలబడి, తన పాత మాటలున్న పేజీ తీసింది. రోగి కదిలారు, రోగి సహకరించడం లేదు, ముత్యాల్లాంటి అక్షరాలు. అడ్డంగా కొట్టేసింది. కింద రాసింది, రోగి కదల్లేదు, రోగి పూర్తిగా సహకరించారు, ఫిల్ము తీసిన మనిషి కదిలింది, ఆ సంగతి దాచిపెట్టింది. తారీఖు వేసింది, సంతకం పెట్టింది. కాలు కొట్టుకుంటూనే ఉంది, భుజం దాకా, వేళ్ళ దాకా, అక్షరాలు ఒకటి పైకి ఒకటి కిందికి పోయాయి, బడిలో కొత్తగా చేరిన పిల్ల రాసినట్టు. గుమ్మం దగ్గర ఆయన, డ్రైవరు, సంచీ పట్టుకుని నిలబడి వింటున్నాడు. దీని తర్వాత కిందికి వెళ్ళి ఆసుపత్రి పెద్దాయన గదిలో ఇదే మళ్ళీ చెప్పాలి, ఎక్స్‌రే గది తాళాలు ఇచ్చెయ్యాల్సి వస్తుందేమో, రానీ. ఫైలు తాతకిచ్చింది. కళ్ళజోడు లేదేమో, ఆయన దాన్ని ఒంటి చేత్తో, మోచెయ్యి చాచి, దూరంగా పట్టుకుని చదివాడు, ఒక్కో మాటా, పెదాలు కదుపుతూ. "వంకర టింకరగా ఉంది" అన్నాడు. అవునండి అంది. "చదవడానికి వస్తోందిలే" అన్నాడు. చదవడం అయిపోయినా చెయ్యి దించలేదు. అలాగే చాచి ఉంచి, కూతురు చూసేదాకా ఉంచి, తను కూడా కాగితం వంక కాకుండా దాన్ని పట్టుకున్న వేళ్ళ వంక చూసుకుంటూ కూర్చున్నాడు. ఆమె కూడా నడక ఆపకుండానే, అటు వెళ్తూ ఇటు వస్తూ, దాన్నే చూసింది. ఆయన చేతిలో ఆ కాగితం కదల్లేదు.